షట్టరు బరువు పెరుగుతుందా?

"మాస్టారూ, ఇనుముకి బరువు పెరుగుతుందా?"

రెండేళ్ల క్రితం తొమ్మిదో తరగతిలో ఒక కుర్రవాడు లేచి అడిగిన ప్రశ్న ఇది. వాళ్ల నాన్నగారికి బజారులో కిరాణా దుకాణం ఉంది. వాడు రోజూ పొద్దున్నే షట్టరు ఎత్తి, దుకాణం ఊడ్చి, ఆ తర్వాత బడికి వస్తాడు. ఈమధ్య షట్టరు మునుపటికన్నా బరువుగా ఉంటోందని వాడి ఫిర్యాదు. నేను నవ్వి, "ఇనుము బరువు పెరగదురా, నీ బద్ధకం పెరిగి ఉంటుంది" అన్నాను. తరగతంతా నవ్వింది. వాడు కూర్చున్నాడు.

ఆ ప్రశ్నకు నేను ఆ రోజే సరైన జవాబు చెప్పి ఉంటే, నాలుగు నెలల తర్వాత వాడి కాలివేళ్లు రెండు విరిగి ఉండేవి కావేమో. ఆనాడు చెప్పని జవాబు ఇప్పుడు మీకు చెబుతున్నాను. కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకోండి. లెక్కలున్నాయి.

ఎత్తేది ఎవరు?

మొదట షట్టరు బరువెంతో చూద్దాం. 3 మీటర్ల వెడల్పు, 2.5 మీటర్ల ఎత్తు ఉన్న షట్టరు అనుకోండి. వైశాల్యం 7.5 చదరపు మీటర్లు. రేకు మందం 1.25 మిల్లీమీటర్లు. ఉక్కు సాంద్రత ఘనపు మీటరుకు సుమారు 7,850 కిలోగ్రాములు. గుణించి చూడండి, దాదాపు 74 కిలోలు వస్తుంది. అయితే షట్టరు సాపు రేకు కాదు కదా! వంపు తిరిగిన పట్టీలను ఒకదాని అంచులో మరొకటి దూర్చి కూరుస్తారు. ఆ వంపులకూ అంచులకూ రేకు ఇంకా పడుతుంది. అందుకని మరో మూడో వంతు కలుపుకుందాం. అడుగున తాళాలు వేసే మందపాటి పట్టీని కూడా చేర్చితే మొత్తం 100 కిలోలని చెప్పుకోవచ్చు. అంటే రెండు బియ్యం బస్తాలు.

పద్నాలుగేళ్ల పిల్లవాడు రెండు బియ్యం బస్తాలను రోజూ ఒక్క ఊపున తలపైకి ఎత్తగలడా? ఎత్తలేడు. మరి ఎత్తుతున్నదెవరు?

షట్టరు పైన, రేకు కప్పు వెనకాల, ఒక లావుపాటి ఇనుప పైపు ఉంటుంది. గోడకు బిగించిన రెండు బ్రాకెట్ల మధ్య అది తిరగకుండా నిలిచి ఉంటుంది. ఆ పైపు మీద రెండో మూడో గుండ్రటి డబ్బాలు తిరుగుతుంటాయి. షట్టరు వెడల్పును బట్టి ఇంకా ఎక్కువే ఉండవచ్చు. ఒక్కొక్క డబ్బాలో పొడవాటి ఉక్కు పట్టీని చుట్టచుట్టి పెట్టిన స్ప్రింగు ఉంటుంది. తాళం తిప్పే పాత గోడగడియారాన్ని ఎవరైనా విప్పగా చూశారా? అందులోని స్ప్రింగుకు ఇది పెద్దన్న. స్ప్రింగు లోపలి కొస పైపును పట్టుకుంటుంది, వెలుపలి కొస డబ్బాను పట్టుకుంటుంది. షట్టరు పైభాగాన్ని ఈ డబ్బాలకే బిగిస్తారు. షట్టరును కిందికి లాగితే డబ్బాలు తిరిగి స్ప్రింగు బిగుసుకుంటుంది. పైకి ఎత్తితే స్ప్రింగు విచ్చుకుంటూ డబ్బాను తిప్పి, రేకును తనే పైకి చుట్టుకుంటుంది. మీ చెయ్యి చేసేదల్లా రాపిడిని దాటించడమే.

ఇందులో చక్కని పొంతన ఒకటి ఉంది. షట్టరు పూర్తిగా దిగి ఉన్నప్పుడు 100 కిలోలూ వేలాడుతుంటాయి. స్ప్రింగు కూడా సరిగ్గా అప్పుడే బాగా బిగిసి ఉంటుంది. షట్టరు సగానికి లేస్తే వేలాడేది 50 కిలోలే. స్ప్రింగు బిగువు కూడా అప్పటికి సగమై ఉంటుంది. బరువు ఎలా తగ్గుతూ వస్తుందో బిగువూ అలాగే తగ్గుతూ వస్తుంది. స్ప్రింగును ఎంత మెలిపెడితే అంత బలంతో ఎదురుతిరుగుతుందనే ఈ నియమాన్ని రాబర్ట్ హుక్ కనిపెట్టాడు. 1676లో అక్షరాలు తారుమారు చేసి పొడుపుకథలా అచ్చువేసి, రెండేళ్ల తర్వాత 1678లో విప్పి చెప్పాడు. ఇంకెవరూ తనదని అనకుండా ఆ జాగ్రత్త!

ఇక బలభ్రామకం లెక్క. డబ్బా వ్యాసార్ధం 10 సెంటీమీటర్లు అనుకుందాం. 100 కిలోల బరువు దాన్ని తిప్పే భ్రామకం 100 × 9.8 × 0.1 = 98 న్యూటన్ మీటర్లు. మూడు స్ప్రింగులు దీన్ని సమానంగా పంచుకుంటాయి. ఇప్పుడు ఒక స్ప్రింగు విరిగిందనుకోండి. మిగిలిన రెండూ 67 కిలోల దాకా మాత్రమే మోస్తాయి. తక్కిన 33 కిలోలు ఎత్తేవాడి చేతుల మీద పడతాయి. కుర్రవాడు షట్టరు బరువెక్కిందన్నది నిజమే. ఇనుము బరువు పెరగలేదు, వాడి వాటా పెరిగింది. మూడింటిలో ఒకటి అప్పటికే విరిగిపోయిందన్న మాట.

మందం చేసిన మోసం

తర్వాత ఏం జరిగిందంటే, వాళ్ల నాన్నగారు ఒక మేస్త్రీని పిలిపించారు. ఆయన విరిగిన స్ప్రింగు తీసేసి, దానికన్నా మందంగా ఉన్నది ఒకటి వేశాడు. "ఇది గట్టి సరుకు, ఇక మీకు దిగుల్లేదు" అన్నాడు. మోసగాడేమీ కాదు, ఆయనా అలాగే నమ్మాడు. షట్టరు ఈకలా లేచిపోయింది. అందరూ సంతోషించారు. నాలుగు నెలల తర్వాత ఒక ఉదయం కుర్రవాడు షట్టరును నడుం ఎత్తుకు లేపేసరికి పైన ఢాం అని శబ్దం వచ్చింది. షట్టరు జారి వాడి పాదం మీద పడింది.

నేను చూడటానికి వెళ్లినప్పుడు ఆ ముక్కలు దుకాణం మూల పడి ఉన్నాయి. ముందు విరిగిన పాత స్ప్రింగు కూడా అక్కడే ఉంది. రెండూ అడిగి బడికి తెచ్చాను. మా ప్రయోగశాలలో స్క్రూగేజితో కొలిస్తే పాతదాని మందం 2.00 మి.మీ., కొత్తదాని మందం 2.20 మి.మీ. తేలింది. వెడల్పు రెండింటికీ ఒకటే. ముక్కలన్నీ కలిపి టేపుతో కొలిస్తే పాతది 5 మీటర్లు, కొత్తది 4 మీటర్లు. ఈ నాలుగు అంకెలే కథంతా చెప్పేశాయి.

చుట్టస్ప్రింగు బిరుసు దాని మందం ఘనానికి అనులోమానుపాతంలోనూ, పొడవుకు విలోమానుపాతంలోనూ ఉంటుంది. మందం పది శాతం పెరిగితే బిరుసు 1.1 × 1.1 × 1.1 = 1.33 రెట్లవుతుంది. కంటికి ఆనని 0.2 మిల్లీమీటరు తేడాతో మూడో వంతు బలం పెరిగిందన్న మాట. పొడవు 5 నుంచి 4కు తగ్గడంతో మరో 1.25 రెట్లు. మొత్తం 1.66 రెట్లు. అందుకే షట్టరు ఈకలా లేచింది.

ఘనం సంగతి నమ్మబుద్ధి కాకపోతే ఇంట్లోనే చూసుకోండి. ఒకే అట్టనుంచి ఒకే కొలతతో నాలుగు పట్టీలు కత్తిరించండి. రెండింటిని మైదా జిగురుతో ఒకదానిమీద ఒకటి అతికించి, బరువు కింద పెట్టి బాగా ఆరనివ్వండి. మిగతా రెండింటిని అతికించకుండా ఊరికే జతగా పట్టుకోండి. ఇప్పుడు రెండు జతలనూ బల్ల అంచున ఒకే పొడవు బయటికి ఉండేలా అదిమిపెట్టి, కొసన ఒకే బరువు వేలాడదీయండి. విడి జత ఒక్క పట్టీకి రెండింతలు మాత్రమే బిరుసు. అతికించిన జత రెండింతల మందం గల ఒకే పట్టీ అయిపోయింది కాబట్టి దాని బిరుసు ఎనిమిదింతల దాకా పోతుంది. జిగురు ఎంత బాగా పడితే ఫలితం అంత దగ్గరగా వస్తుంది.

సరే, కొత్త స్ప్రింగు బలమైనదే. మరి బలమైనది ముందే ఎందుకు విరిగింది?

ఇక్కడే చాలామంది పొరబడతారు. పట్టీని వంచినప్పుడు దాని బయటి వైపు సాగుతుంది, లోపలి వైపు నొక్కుకుపోతుంది. పట్టీ ఎంత మందంగా ఉంటే, ఒకే వంపుకు, దాని ఉపరితలం అంత ఎక్కువగా సాగాలి. పొడవు తక్కువైతే అన్నే చుట్ల మెలిక తక్కువ ఉక్కు మీద పడుతుంది, కాబట్టి ప్రతి సెంటీమీటరూ ఎక్కువ వంగాలి. కొత్త స్ప్రింగులో మందం వల్ల 1.1 రెట్లు, పొడవు తగ్గినందుకు 1.25 రెట్లు, మొత్తం సుమారు 1.38 రెట్ల ప్రతిబలం రోజూ ఉపరితలం మీద పడింది. షట్టరు ఎత్తే చేతికి సుఖంగానే ఉంది. నలిగింది ఉక్కు.

ఒక్కసారికి ఆ ప్రతిబలాన్ని ఉక్కు తట్టుకోగలదు. మాటిమాటికీ తట్టుకోలేదు. జెమ్ క్లిప్పు ఒకటి విప్పి, ఒకేచోట అటూ ఇటూ లంబకోణం దాకా వంచుతూ ఎన్నిసార్లకు విరుగుతుందో లెక్కపెట్టండి. మరో క్లిప్పును అందులో సగం కోణమే వంచుతూ లెక్కపెట్టండి. రెండో అంకె మొదటిదానికి రెట్టింపు ఉంటుందనుకుంటున్నారా? చేసి చూడండి, ఆశ్చర్యపోతారు. దీన్నే లోహపు అలసట అంటారు. 1842లో ఫ్రాన్సులో వెర్సాయ్ నుంచి పారిస్‌కు వస్తున్న రైలింజను ఇరుసు విరిగి యాభై మందికి పైగా చనిపోయారు. అలాంటి ఇరుసులు ఎందుకు విరుగుతున్నాయో తెలుసుకోవడానికి జర్మన్ రైల్వే ఇంజనీరు ఆగస్ట్ వోలర్ ఏళ్ల తరబడి పరీక్షలు చేశాడు. ఒక్కసారికి విరవలేని బరువు కూడా వేలసార్లు పడితే విరుస్తుందనీ, ప్రతిబలం కొంచెం తగ్గించినా ఆయుష్షు ఎన్నో రెట్లు పెరుగుతుందనీ తేల్చాడు.

మరి మంచి స్ప్రింగు ఎలా ఉండాలి? బిరుసు పాతదానంతే ఉండాలి, ప్రతిబలం మాత్రం తగ్గాలి. పొడవును రెట్టింపు చేసి, మందాన్ని 1.26 రెట్లు చేశామనుకోండి. 1.26 ఘనం 2. పొడవు రెట్టింపైనందుకు 2తో భాగిస్తే బిరుసు మారదు. ప్రతిబలం మాత్రం 1.26ను 2తో భాగించగా 0.63 వంతుకు దిగిపోతుంది. అయితే పట్టే ఉక్కు రెండున్నర రెట్లు. ధరా అందుకు తగ్గట్టే ఉంటుంది, డబ్బాలో చోటు కూడా చూసుకోవాలి. ఒకే బిరుసుగల రెండు స్ప్రింగులు మీ ముందుంటే, రెండూ ఒకేరకం ఉక్కువైతే, తూకం వేయండి. బరువైనదే ఎక్కువకాలం మన్నుతుంది. అదే పనిని ఎక్కువ ఉక్కు పంచుకుంటుంది కాబట్టి.

డాలస్ నుంచి ఫోను

ఈ లెక్కలు వేసిన కొద్ది నెలలకే అమెరికాలో డాలస్ దగ్గర ఉంటున్న మా చెల్లెలి కొడుకు ఫోను చేశాడు. "మామయ్యా, రాత్రి కారు పెట్టే గదిలో తుపాకి పేలినట్టు చప్పుడైంది. పొద్దున చూస్తే తలుపు పైన స్ప్రింగు రెండు ముక్కలై ఉంది. మోటారు తలుపును లేపలేకపోతోంది."

అక్కడి గ్యారేజీ తలుపు మన షట్టరులా చుట్టుకోదు. మడతబందులతో కలిపిన వెడల్పాటి పలకలు పట్టాల మీద జారుతూ వెళ్లి కప్పు కింద పడుకుంటాయి. తలుపు పైన అడ్డంగా ఉక్కు కడ్డీ, దానిచుట్టూ తీగచుట్ట స్ప్రింగు, కొసల్లో గిలకలు, వాటినుంచి తలుపు అడుగుకు ఉక్కు తాళ్లు. రూపం వేరైనా సూత్రం ఒక్కటే. బరువు మోసేది స్ప్రింగు. మోటారు మన చెయ్యిలాంటిది, తోయడమే దాని పని. అందుకని స్ప్రింగు విరిగినప్పుడు మీట నొక్కుతూ పోతే మోటారు కూడా పాడవుతుంది. ముందు ఆ పని మానమన్నాను.

అక్కడ మామూలు స్ప్రింగులకు 10,000 సార్లు అని ఆయుష్షు చెబుతారు. ఒకసారి తెరిచి మూస్తే ఒకటి. రోజుకు నాలుగుసార్లు వాడితే 2,500 రోజులు, అంటే సుమారు 7 ఏళ్లు. వాడు ఆ ఇంట్లో చేరి ఏడో ఏడు! బాగుచేసేవాడు రెండు రకాలు చూపించాడట. చవకది ఒకటి, అదే తలుపుకు లావు తీగతో పొడవుగా చేసిన ఖరీదైనది ఒకటి. "రెండూ ఒకే బరువు లేపుతాయంటున్నాడు, ఎక్కువ డబ్బు ఎందుకివ్వాలి?" అని వాడి సందేహం. దానికి జవాబు ఈపాటికి మీరే చెప్పగలరు. తీగచుట్టలో బిరుసు తీగ వ్యాసం నాలుగో ఘాతంతో పెరుగుతుంది. వ్యాసం పది శాతం పెరిగితే 1.46 రెట్లు! కాబట్టి తీగ లావైతే చుట్టలు కూడా అందుకు తగ్గట్టు పెరగాలి. పొడవు అలాగే ఉంచి ఊరికే లావు తీగ వేస్తానంటే వద్దనమన్నాను. ఇంకో సంగతి. స్ప్రింగులు రెండుంటే రెండూ ఒకేసారి మార్చాలి. రెండూ అన్నిసార్లే మెలిక పడ్డాయి, కాబట్టి రెండోదానికీ రోజులు దగ్గరపడే ఉంటాయి. కుడిచుట్టు, ఎడమచుట్టు స్ప్రింగులు కూడా వేరువేరు. ఒకదాని చోట మరొకటి పనికిరాదు.

మన కుర్రవాడి దుకాణంలో జరిగిన రెండో పొరపాటు అదే. మూడింటిలో ఒకటే మార్చారు. మిగతా రెండూ పాతవి, తుప్పు పట్టినవి. మా ఊరు సముద్రానికి దగ్గర, గాలిలో ఉప్పు. తుప్పు గుంటలే పగుళ్లకు మొదలు.

కొనేముందు

స్ప్రింగు పట్టీ అధిక కర్బనం గల స్ప్రింగు ఉక్కుతో చేసింది కావాలి. వంచి వదిలితే తిరిగి మొదటి ఆకారానికి రావాలి. వంగి అలాగే ఉండిపోతే అది మామూలు ఇనుము. విరిగిన స్ప్రింగుకు వెల్డింగు పెట్టి ఇస్తామంటే ఒప్పుకోకండి. స్ప్రింగు ఉక్కును కాల్చి, నూనెలో ముంచి, మళ్లీ కొలతగా వేడిచేసి పదును తెస్తారు. వెల్డింగు మంట ఆ పదునును అక్కడికక్కడ పోగొడుతుంది. మర్నాడు కాకపోతే ఆ మర్నాడు ఆ పక్కనే విరుగుతుంది. మనదేశంలో లోహపు రోలింగ్ షట్టర్లకు ఐ.ఎస్. 6248, స్ప్రింగు ఉక్కు పట్టీలకు ఐ.ఎస్. 2507 అనే ప్రమాణాలున్నాయి. సరుకు ఆ ప్రమాణానికి సరిపోతుందా అని దుకాణంలో అడగడానికి మొహమాటపడనక్కర్లేదు.

మిగతా భాగాల గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు. పట్టీలకు గాల్వనైజు చేసిన రేకు మంచిది. గీత పడ్డా చుట్టూ ఉన్న జింకు ముందు తాను కరిగి ఉక్కును కాపాడుతుంది. కొత్త పట్టీ వేయిస్తే మందం పాతవాటిదే ఉండాలి. బరువు మారితే స్ప్రింగుల లెక్కంతా మళ్లీ మొదటికొస్తుంది. పట్టీల కొసల్లో ఉండే చిన్న క్లిప్పులు ఊడిపోతే వెంటనే వేయించండి. అవి లేకపోతే పట్టీలు పక్కకు జరిగి గైడులో ఇరుక్కుంటాయి. ఇరుక్కున్న షట్టరును బలంగా గుంజడం స్ప్రింగుకు చేటు. గైడుల్లో గ్రీజు దట్టంగా పూయకండి, దుమ్ము పట్టి ముద్దకడుతుంది. ముందు శుభ్రంగా తుడిచి, పల్చగా నూనె రాస్తే చాలు.

ఇవన్నీ మీరు తెలుసుకుని పెద్దలకు చెప్పడానికే. స్ప్రింగు విప్పే పని మాత్రం మీరు గానీ, తెలియని పెద్దలు గానీ పెట్టుకోకూడదు. ఎందుకో లెక్కవేద్దాం. మన షట్టరు లేచినప్పుడు దాని గరిమనాభి 1.25 మీటర్లు పైకి పోతుంది. పని 100 × 9.8 × 1.25 = 1,225 జౌళ్లు. షట్టరు మూసి ఉన్నప్పుడు ఈ శక్తంతా స్ప్రింగుల్లో స్థితిజశక్తిగా దాగి ఉంటుంది. 50 కిలోల బియ్యం బస్తా 2.5 మీటర్ల ఎత్తునుంచి పడితే వచ్చే శక్తి కూడా సరిగ్గా ఇంతే. పైపును పట్టి ఉంచే క్లాంపు నట్టును తెలియక వదులు చేశారో, ఆ బస్తా మీ చేతిలోని రెంచి మీద పడ్డట్టే. పనితెలిసిన మేస్త్రీ పొడవాటి పైపు రెంచితో పట్టుకుని, ఒక్కొక్క చుట్టూ కొలతగా వదులుతాడు.

కుర్రవాడి కాలు నెలన్నరకు నయమైంది. ఈసారి వాళ్ల నాన్నగారు మూడు స్ప్రింగులూ మార్పించారు. కొనబోయేముందు వాడే పాత స్ప్రింగు కొలతలు కాగితం మీద రాసుకుని, ఒక పూటకు స్క్రూగేజి అరువడిగి పట్టుకెళ్లాడు. దుకాణదారుడు వింతగా చూశాడట. బిగింపు అయ్యాక మేస్త్రీ షట్టరును సగానికి ఎత్తి, పక్కకు తప్పుకుని, మెల్లగా చేతులు వదిలాడు. పడిపోతే స్ప్రింగులు చాలలేదని, తనంత తాను పైకి పరుగెడితే ఎక్కువయ్యాయని గుర్తు. షట్టరు బెత్తెడు కిందికి జారి ఆగింది. మేస్త్రీ పైపును ఇంకో పావు చుట్టు బిగించాడు. ఈసారి పెట్టినచోటే నిలిచింది.

మర్నాడు బడికి వచ్చి వాడు మళ్లీ ప్రశ్న వేశాడు. "మాస్టారూ, పక్క బట్టల దుకాణం షట్టరు 4 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు. రేకు మందం మాదంతే. దానికి మాలాంటి స్ప్రింగులు ఎన్ని కావాలి?" నేను నవ్వలేదు. సుద్దముక్క వాడి చేతికిచ్చాను. మీరూ వేసి చూడండి. ఒక చిక్కుంది, జాగ్రత్త. ఎత్తు పెరిగితే బరువు ఒక్కటే కాదు, డబ్బా తిరిగే చుట్ల సంఖ్య కూడా పెరుగుతుంది.